పేరుకు చుట్టం

పోపులో ఆవాలు చిటపటమన్నాక ఆఖరున కరివేపాకు రెబ్బ దూసి వేస్తాం. ఆ చప్పుడు, దాని వెంటే లేచే ఆ వాసన లేకపోతే అది మన వంటిల్లే కాదు. తీరా కంచంలోకి వచ్చాక అదే ఆకును వేలికొసతో పక్కకు నెట్టేస్తాం. అవసరం తీరాక పక్కన పెట్టేసిన మనిషిని కూరలో కరివేపాకు అనడం అందుకే. రుచి ఇచ్చినదాన్నే ఏరి పారేసే ఈ అలవాటు మీద మనకు లోలోపల కొంచెం సిగ్గు ఉన్నట్టుంది. లేకపోతే దాన్ని సామెత చేసి పెట్టుకోం.

ఆ కరివేపాకు శాస్త్రీయ నామంలో ఒక మనిషి దాక్కుని ఉన్నాడు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1771లో దానికి బెర్గెరా కోనిగీ అని పేరు పెట్టాడు. తర్వాత చాలాకాలం పుస్తకాల్లో ముర్రయా కోనిగీగా చలామణి అయింది. ఈమధ్య మళ్లీ పాత పేరుకే వస్తున్నారు. ఇంటిపేరు ఎన్నిసార్లు మారినా అసలు పేరు మారలేదు. కోనిగీ అంటే కోనిగ్‌కు చెందినది అని అర్థం. రోజూ రెండుపూటలా ఆయన పేరున్న ఆకును నూనెలో వేయిస్తున్నాం కాబట్టి, ఆయన ఎవరో ఒకసారి తెలుసుకుంటే తప్పులేదు.

అంతకన్నా ముందు ఇంకో మాట. ఆయన పేరుతో మరో మొక్క కూడా ఉంది. దాని పేరు కోనిగియా ఇస్లాండికా. అది ఉత్తర ధ్రువం అంచున, మంచు కరిగిన కంకర నేలల్లో పెరుగుతుంది. ఎత్తు ఒకటి నుంచి ఆరు సెంటీమీటర్లు. బాగా ఎదిగినదైనా అగ్గిపుల్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కరివేపాకుతో దానికి రక్తసంబంధం ఏమీ లేదు. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానిది. కోనిగియా మన చుక్కకూర కుటుంబానిది. ఇద్దరికీ ఉన్నది పేరు వరస చుట్టరికం మాత్రమే. ఈ వారం మాట్లాడాలనుకున్నది ఆ రెండో మొక్క గురించి, అది ఉండకూడని చోట కనిపించి వృక్షశాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచడం గురించి.

యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1728లో బాల్టిక్ సముద్రపు చుట్టుపక్కల, ఇప్పటి లాత్వియా ప్రాంతంలో పుట్టాడు. వైద్యుడు. స్వీడన్ వెళ్లి లిన్నేయస్ దగ్గర మొక్కల చదువు చదివాడు. డెన్మార్క్ ప్రభుత్వం తన రాజ్యంలోని మొక్కలన్నిటికీ బొమ్మల గ్రంథం వేయించాలని తలపెట్టిన రోజులవి. ఐస్‌లాండ్ అప్పుడు డెన్మార్క్ కిందే ఉండేది. ఆ పని మీద 1765 ప్రాంతంలో కోనిగ్ అక్కడికి వెళ్లాడు. ఆ చలిలో, గాలిలో నేలకు కళ్లు అంటించుకుని తిరిగితే తప్ప కనిపించని ఈ మొక్కను పట్టుకొచ్చాడు. గురువు 1767లో దాన్ని కొత్త ప్రజాతిగా గుర్తించి శిష్యుడి పేరే పెట్టాడు. శిష్యుడు గురువుకు దక్షిణ ఇవ్వడం మనకు తెలుసు. ఇది ఎదురు దక్షిణ.

మరుసటి ఏడాదికల్లా కోనిగ్ మన తూర్పు తీరంలో తేలాడు. తమిళ దేశంలోని తరంగంబాడి అప్పట్లో డేన్‌లది. అక్కడ వైద్యుడిగా చేరాడు. తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, 1778 నుంచి ఈస్టిండియా కంపెనీ దగ్గర ప్రకృతి పరిశోధకుడిగా ఉన్నాడు. సియాం, మలక్కా తిరిగాడు. మొక్కలకు పేర్లు పెట్టే లిన్నేయస్ పద్ధతిని ఈ దేశానికి తెచ్చినవాడు ఆయనే అంటారు. చివరి ప్రయాణంలో రక్త విరేచనాలు పట్టుకున్నాయి. సామర్లకోటలో ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బరో వచ్చి వైద్యం చేశాడు. ఫలితం లేకపోయింది. 1785 జూన్‌లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. కాగితాలన్నీ లండన్‌లోని వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు చెందాలని రాసిపోయాడు. మంచుదేశంలో దొరికిన మొక్కలో ఒక పేరు, మన పెరటి చెట్టులో అదే పేరు, మధ్యలో గోదావరి జిల్లాలో ఒక జూన్ నెల. జగన్నాథపురం వంతెన మీద రోజూ వచ్చిపోయేవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసో!

ఇక మొక్క సంగతి. ధ్రువప్రాంతపు మొక్కల్లో దాదాపు అన్నీ బహువార్షికాలు. అక్కడి వేసవి మరీ పొట్టిది. మొలకెత్తి, ఆకు వేసి, పూసి, కాసి, గింజ రాల్చడానికి ఆ కొన్ని వారాలు చాలవు. అందుకని అవి వేళ్లలోనో దుంపల్లోనో కూడబెట్టుకుని, ఏళ్ల తరబడి నెమ్మదిగా బతుకుతాయి. కోనిగియాది ఈ లోకరీతికి ఎదురు నడక. అది ఏకవార్షికం. ఒక్క వేసవిలో బతుకంతా ముగించాలి. ఆ వేసవిలో గింజ పడిందా, వచ్చే ఏడు ఉంటుంది. లేదంటే నేలలో మిగిలిన పాత గింజలే దిక్కు. కౌలు రైతు బతుకులాంటిది. అందుకే మొక్క ఒంట్లో ఎక్కడా ఆడంబరం లేదు. కాస్త కండగల గుండ్రటి ఆకులు కొన్ని, ఎర్రటి కాడ, కంటికి ఆనని ఆకుపచ్చ పూలు. తేనెటీగ కోసం ఎదురుచూసే తీరిక కూడా దానికి లేదు. తన పుప్పొడితో తానే గింజ కట్టుకోగలదు.

ఇంత అల్పమైనది ఎంత దూరం పాకిందో చూస్తే ముక్కున వేలేసుకోవాలి. ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్, స్కాండినేవియా, సైబీరియా, ఉత్తర అమెరికా, ఇలా ధ్రువం చుట్టూ ఉంది. కొండల ఎత్తు పట్టుకుని దక్షిణానికీ దిగింది. మన హిమాలయాల్లో ఉంది. భూగోళం అటు చివర, దక్షిణ అమెరికా కొసన ఉన్న టియెర్రా డెల్ ఫ్యూగోలోనూ ఉంది. లేనిదల్లా బ్రిటన్‌లోనే. కనీసం 1950 దాకా అందరూ అలాగే అనుకున్నారు. ఊరి పూజారి నుంచి బడిపంతులు దాకా ప్రతివాడూ మొక్కలు ఏరి, అట్టల మీద అంటించి, జాబితాలు రాసిన దేశం అది. గడ్డిపోచ కూడా లెక్కలోకి ఎక్కిన దేశంలో ఇంకా ఏదో మిగిలి ఉంటుందని ఎవరు అనుకుంటారు?

1934లో స్కాట్లండ్ పడమటి తీరంలోని స్కై దీవిలో, స్టోర్ అనే కొండ మీద, ఒకరు ఒక చిన్న మొక్కను ఏరారు. 719 మీటర్ల కొండ అది. ఏరిన మొక్కను నొక్కి, ఆరబెట్టి, కాగితం మీద అంటించారు. పెప్లిస్ పోర్చులా అని పేరు రాశారు. అదీ ఎర్రకాడ, గుండ్రటి ఆకుల మొక్కే. నీటిగుంటల అంచున, బురదలో పాకుతుంది. మన గోరింట కుటుంబానికి చెందినది. చుక్కకూర వంశాన్ని గోరింట వంశం అనుకున్నారన్నమాట. పెద్ద తప్పు పట్టడానికి లేదు. రెండూ ఎండి కాగితానికి అతుక్కున్నాక పోలిక నిజంగానే ఉంటుంది. పైగా మనసు ముందే చెప్పేసింది, బ్రిటన్‌లో కోనిగియా లేదని. లేనిదాన్ని కన్ను ఎలా చూస్తుంది?

ఆ కాగితం లండన్ పక్కన క్యూ తోటల హెర్బేరియంలోకి చేరింది. ఎండు మొక్కలకు అది కొలువుకూటం. ఇప్పుడక్కడ డెబ్బై లక్షలకు పైగా నమూనాలు ఉన్నాయి. కాగితాలు దొంతులుగా, దొంతులు బీరువాల్లో, బీరువాలు అంతస్తుల్లో. తప్పు పేరుతో ఒక కాగితం ఒక దొంతిలోకి వెళ్లిందంటే, తాలూకా కచేరీలో తప్పు సర్వే నంబరు పడ్డ కాగితంలాంటిదే. అది ఉందనే సంగతి అక్కడే ఉంటుంది. ఎవరికీ అందదు. పదహారేళ్లు అలాగే పడుంది. మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం వచ్చి పోయింది.

1950లో బర్ట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి కళ్లు ఆ కాగితం మీద పడ్డాయి. ఇది నీటిగుంటల మొక్క కాదని, కోనిగియా అని ఆయన గుర్తుపట్టాడు. బ్రిటన్‌కు కొత్త మొక్క దొరికింది, అదీ కొండ మీద కాదు, బీరువాలో. తర్వాత కొండెక్కి చూస్తే అక్కడ నిక్షేపంగా ఉంది. ఒకటీ అరా కాదు, స్టోర్ నుంచి ఉత్తరంగా సాగే ట్రాటర్నిష్ కొండవరస మీద వేల సంఖ్యలో. ఇంకొన్నేళ్లకు మల్ అనే మరో దీవిలోనూ కనిపించింది.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. వేల ఏళ్లుగా ఏటేటా మొలిచి, పూసి, గింజ రాలుస్తున్న మొక్కను మనం కనుగొన్నాం అంటాం. ఎల్లలు దాటి దొరికింది అంటాం. ఎవరి ఎల్లలు అవి? మొక్క ఒక్క అంగుళం జరగలేదు. జరిగింది మన పటంలో గీత. జాతుల పటాల్లో రంగు పూసిన భాగాన్ని మొక్క ఉన్న చోటు అని చదువుకుంటాం. నిజానికి అది ఎవరో వెళ్లి, వంగి, చూసి, సరిగ్గా పేరు రాసి, నమ్మదగిన చోట దాచిన చోటు. తెల్లగా వదిలేసిన భాగంలో మొక్క లేదనీ కావచ్చు, మనిషి వెళ్లలేదనీ కావచ్చు. పటం ఈ రెంటికీ తేడా చూపించదు. మన రాష్ట్రాల వృక్షజాల పటాలు పట్టుకుని చూసినా, కొన్ని మొక్కలు వింతగా కళాశాలలున్న ఊళ్ల చుట్టూ, ఘాట్ రోడ్ల వెంబడి ఎక్కువ పెరుగుతున్నట్టు అనిపిస్తుంది. మొక్కలకు బస్సు సౌకర్యం అవసరమని కాదు కదా!

ఆ రెండు మూడేళ్లలో స్కాట్లండ్ కొండలకు ఏదో యోగం పట్టినట్టుంది. 1950లోనే క్రిస్టఫర్ కాక్స్ అనే ఆయన వాయవ్యపు కొండల్లో ఒక మరుగుజ్జు ఆర్టెమీసియాను చూశాడు. మనం వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రికి నిజంగానే దగ్గరి చుట్టం. నార్వే కొండల్లో, రష్యా ఉరల్ పర్వతాల్లో తప్ప ఇంకెక్కడా లేదనుకున్నది. కాక్స్ వృత్తిరీత్యా వృక్షశాస్త్రజ్ఞుడు కాదు, బ్రిటన్ వలస దేశాల వ్యవహారాల శాఖలో విద్యా సలహాదారు. మరుసటి ఏడు, 1951 వేసవిలో, టెబ్బట్ అనే పక్షి ప్రేమికుడు గ్లెన్‌ఫిన్నన్ దగ్గర ఒక కొండ ఎక్కాడు. ఆయన చూపు ఆకాశం మీద ఉండాలి. కానీ కాళ్ల దగ్గర దిండులా దట్టంగా అల్లుకున్న పొద, దాని మీద తెల్లటి అయిదు రేకల పూలు కనబడ్డాయి. అది డయాపెన్సియా. ఐస్‌లాండ్‌లో, నార్వేలో, అమెరికా వైట్ మౌంటెన్స్‌లో ఉన్నది. బ్రిటన్‌లో అంతదాకా ఎవరి జాబితాలోనూ లేనిది. ఈ రెండు మొక్కలూ వృత్తి నిపుణులకు కాక సెలవురోజు మనుషులకు దొరకడం యాదృచ్ఛికం అనుకోవచ్చు. కానీ నిపుణుడు కొండ ఎక్కేటప్పుడు అక్కడ ఏముంటుందో ముందే తెలిసి ఎక్కుతాడు. పిట్టల మనిషికి ఆ బరువు లేదు. వింతగా ఉన్నదాన్ని వింతగానే చూడగలిగాడు.

ఇంతవరకూ కథ ముచ్చటగానే ఉంది. కానీ ఈ సంతోషం వెనకే ఒక నీడ కూడా నడిచింది. అది చెప్పకుండా దాటేస్తే కథ సగమే అవుతుంది.

స్కైకి దక్షిణాన, కనుచూపు మేరలో, రమ్ అనే దీవి ఉంది. సీసాలో పోసే రమ్‌కూ దీనికీ సంబంధం లేదు. న్యూకాజిల్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడు, రాయల్ సొసైటీ సభ్యుడు జాన్ హెస్లప్ హారిసన్‌కు ఈ పడమటి దీవుల మీద ఒక సిద్ధాంతం ఉండేది. మంచుయుగంలో బ్రిటన్‌లో చాలా భాగం మంచు పలకల కింద నలిగిపోయినా, ఈ దీవుల్లో కొన్ని మొక్కలు ఎక్కడో ఒక మూల బతికే ఉన్నాయని ఆయన నమ్మకం. అదే నిజమైతే అక్కడ ధ్రువప్రాంతపు మొక్కలు మిగిలి ఉండాలి. ఉన్నాయని ఆయన 1940ల్లో ఒకదాని వెంట ఒకటి ప్రకటిస్తూ వచ్చాడు. నార్వే కొండల్లోనూ ఆల్ప్స్‌లోనూ పెరిగే కేరెక్స్ బైకలర్ అనే తుంగ జాతి మొక్క వాటిలో ఒకటి. ఎవరికీ దొరకనివి ఆయనకే దొరుకుతున్నాయి. దీవి ఒకరి సొంత ఆస్తి. అనుమతి లేనిదే ఎవరూ అడుగు పెట్టడానికి లేదు.

గుసగుసలు మొదలయ్యాయి. 1948లో జాన్ రేవెన్ అనే కేంబ్రిడ్జి అధ్యాపకుడు రమ్ వెళ్లి తన కళ్లతో చూసి వచ్చాడు. ఈయన చెప్పే పాఠం వృక్షశాస్త్రం కాదు, గ్రీకు సాహిత్యం. సోక్రటీసుకు ముందటి తత్వవేత్తల మీద ఆయన మరొకరితో కలిసి రాసిన గ్రంథాన్ని ఇప్పటికీ విద్యార్థులు చదువుతారు. పాత ప్రతుల్లో తర్వాతివాళ్లు దూర్చిన పాదాలను పట్టుకునే చదువు ఆయనది. మనవాళ్లు ప్రక్షిప్తం అంటారే, అది. రమ్ దీవిలోనూ ఆ కన్నే పనిచేసింది. అపురూపమైన మొక్క పక్కన, ఆ కొండ మీద పుట్టడానికి వీల్లేని తోట కలుపు ఎందుకుంది? దుబ్బు ఇంత చిన్న జాగాలోనే ఎందుకుంది? కుండీలో పెంచి తెచ్చి నాటితే కుండీలోని కలుపు కూడా వెంట వస్తుంది. ఆయన వచ్చిన నిర్ణయం అదే. 1949 జనవరిలో నేచర్ పత్రికలో చాలా మర్యాదగా, ఎవరినీ వేలెత్తి చూపకుండా, ఆ దీవిలోకి పరాయి మొక్కలు వచ్చి చేరాయని ఒక చిన్న లేఖ రాశాడు. అసలు నివేదిక మాత్రం కళాశాల గ్రంథాలయంలో ఉండిపోయింది. అర్ధశతాబ్దం తర్వాత, 1999లో కార్ల్ సబ్బాగ్ పుస్తకం రాస్తే గాని లోకానికి పూర్తిగా తెలియలేదు. ప్రొఫెసర్ 1967లో పోయారు. తప్పు ఒప్పుకున్న దాఖలా లేదు.

ఆయన్ని దొంగ అని కొట్టిపారేయడం తేలిక. అంత తేలిగ్గా అనాలనిపించదు. సిద్ధాంతం మీద ప్రేమ మరీ ముదిరినప్పుడు సాక్ష్యం ఎలాగూ ఉండే ఉంటుందని, ఇవాళ దొరక్కపోయినా రేపు దొరుకుతుందని, ఈలోగా కాస్త చేయి వేస్తే తప్పేముందని మనసు చెబుతుందేమో. స్థలపురాణాలు రాసినవాళ్లకు ఈ బలహీనత తెలుసు. కానీ నష్టం జరిగింది. ఆ మనిషి నిజంగా చూసి రాసినవాటిని కూడా అనుమానించాల్సి వచ్చింది. ఒక్క తుంగ దుబ్బు ఆయన జీవితకాలపు నోటు పుస్తకాలన్నిటి మీదా నీడ వేసింది.

కోనిగియా కథలోకి మళ్లీ వచ్చేది ఇక్కడే. స్కాట్లండ్‌లో కోనిగియా ఉనికి గురించి 1952లో బ్రిటన్ వృక్షశాస్త్ర సంఘం పత్రికలో వ్యాసం రాసింది ఎవరో కాదు, ఆ జాన్ రేవెనే. అపనమ్మకంతో ఒక దీవికి వెళ్లిన మనిషి, పక్క దీవిలో అంతకన్నా నమ్మశక్యం కాని మొక్క ఉందంటే ఉందని రాశాడు. రెండు చోట్లా చేసింది ఒకే పని, వెళ్లి, వంగి, మొదలు దగ్గర చూడడం. స్టోర్ కొండ మీద కోనిగియా పక్కన తోట కలుపు లేదు. ఎగుడుదిగుడు కంకర, గాలి, చెమ్మ, చుట్టూ దాని లాంటివే వేల మొక్కలు.

మరి అది అక్కడికి ఎలా వచ్చింది? జవాబు చెరువు బురదలో దొరికింది. చివరి మంచుయుగం ముగింపు నాటి పొరల్లో, బ్రిటన్‌లో, కోనిగియా పుప్పొడి రేణువులు బయటపడ్డాయి. పుప్పొడి పైపొర చాలా గట్టిది. గాలి సోకని బురదలో వేల ఏళ్లు చెక్కుచెదరదు. అంటే సుమారు పన్నెండు వేల ఏళ్ల కిందట, మంచు వెనక్కి తగ్గి నేలంతా బోడిగా ఉన్న రోజుల్లో, ఈ మొక్క అక్కడ ఇప్పటికన్నా చాలా విరివిగా ఉండేది. తర్వాత వెచ్చబడింది. గడ్డి వచ్చింది, అడవి వచ్చింది, బురద నాచు పరుచుకుంది. నీడ పడితే బతకలేని మొక్కకు చోటు తగ్గుతూ పోయింది. ఎండాకాలం చెరువు ఇంకుతుంటే చేపలన్నీ చివరి గుంటల్లోకి చేరతాయి. స్టోర్ శిఖరం అలాంటి గుంట. అక్కడ చలికి నేల పొంగి, కరిగి, జారుతూ ఉంటుంది. ఏ గడ్డీ స్థిరంగా వేరు పాతుకోలేదు. స్థిరమైన వేరు అక్కర్లేని మొక్కకు అదే రక్ష. చేప గుంటలోకి వలస రాలేదు. చుట్టూ చెరువు పోయింది.

ఆ కంకర కూడా మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. ట్రాటర్నిష్ కొండలు సుమారు ఆరు కోట్ల ఏళ్ల నాటి లావా పొరలు, బసాల్టు రాయి. దానికి కొంచెం ముందుగా దక్కన్‌లో ఉబికిన లావా కూడా ఆ రకమే. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి దాన్నుంచి వచ్చినదే. ఒకే రకం రాయి ఒకచోట పత్తి పండిస్తోంది, ఒకచోట ఈ అగ్గిపుల్లంత మొక్కను కాపాడుతోంది.

ఉన్నదాన్ని చూడలేకపోవడంలో మన రికార్డూ తక్కువేమీ కాదు. కలివికోడి సంగతి గుర్తుందా? 1848లో జెర్డన్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన పిట్ట. 1900 తర్వాత కనిపించలేదు. అంతరించిందని పుస్తకాల్లో రాసుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల అంచున మళ్లీ దొరికింది. పట్టింది పెద్ద చదువుల మనిషి కాదు, ఆ చుట్టుపక్కల పిట్టలు పట్టి బతికే మనిషి, రాత్రిపూట, టార్చి వెలుగులో. రాత్రి తిరిగే పిట్టను అంతకు ముందు వెళ్లినవాళ్లు పగలు వెతికారు. ఆ పిట్టకు ఊళ్లో కలివికోడి అని పేరుంది. బతికున్నదానికి కాక దేనికి పేరు పెట్టుకుంటారు? ఆ ప్రశ్న ఒక్కటి ముందే అడిగి ఉంటే ఎనభై ఆరేళ్లు పట్టేది కాదేమో.

అడగడం తెలిసినవాళ్లు లేకపోలేదు. కోనిగ్‌కు ఆఖరు వైద్యం చేసిన రాక్స్‌బరో తన మొక్కల గ్రంథాల్లో లాటిన్ పేరు పక్కనే తెలుగు పేరు కూడా, తెలింగ అని గుర్తు పెట్టి, ఓపిగ్గా రాసుకున్నాడు. కోనిగ్ తర్వాత కంపెనీ కొలువులో ఆ స్థానానికి వచ్చిన పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో పాముల గురించి అడిగి రాసుకున్న పేర్లలో బంగారు పాము ఒకటి. ఇవాళ ప్రపంచమంతా కట్లపాముల ప్రజాతిని బంగారస్ అంటోంది. ఆ పేర్లు చెప్పిన రైతుల, చెంచుల, పాములవాళ్ల పేర్లు మాత్రం ఏ ప్రజాతికీ లేవు. కూరలో కరివేపాకు అని మొదట్లో అన్నది ఊరికే కాదు.

స్టోర్ కొండకు ఇప్పుడు జనం బాగానే వస్తారు. కింద ఓల్డ్ మాన్ అని పిలిచే పెద్ద రాతిస్తంభం ఉంది. స్కై దీవి పోస్టుకార్డులన్నిటి మీదా ఉండేది అదే. రోజుకు వందలమంది దాని ముందు నిలబడి ఫొటో దిగి, గాలికి టోపీలు పట్టుకుంటూ కారు దగ్గరికి దిగిపోతారు. ఇంకొంచెం పైకెక్కి కొండవరస మీదికి వచ్చేది కొందరే. వేసవి ముదిరేవేళ అక్కడి కంకర మీద ఒక్కోచోట తుప్పు పట్టినట్టు ఎర్రజీర కనిపిస్తుంది. తుప్పు అనుకుని తొక్కుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ. ఏడాదికేడాది వేసవులు వెచ్చబడి కంకర తొందరగా ఆరిపోతే ఆ జీర పలచబడుతుంది. అందుకని లెక్కపెట్టేవాళ్లు తీగెతో చట్రం చేసుకుని వెళ్తారు. చట్రం నేల మీద పెట్టి, గాలికి వీపు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క మొక్కా వేలితో తాకి లెక్కిస్తారు. పదో, పాతికో, వందో. తర్వాత చట్రం పక్కకు జరిపి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు.